అమెరికా మాజీ సైనికుల చదువు: రెండు జీఐ బిల్లుల పోలిక

అమెరికాలో సైన్యం విడిచి చదువుకోదలచినవారికి ప్రభుత్వం డబ్బు సాయం చేసే పథకాలను జీఐ బిల్లులంటారు. వాటిలో ప్రధానమైన రెండూ సాధారణంగా 36 నెలల వరకు సాయం అందిస్తాయి. మాంట్‌గొమరీ జీఐ బిల్లుకు సర్వీసు తొలినాళ్లలోనే నెలకు 100 డాలర్ల చొప్పున ఏడాదిపాటు జీతంలో కోత పడుతుంది. తర్వాత నెలనెలా సొమ్ము విద్యార్థి చేతికే వస్తుంది కనుక ఫీజు, అద్దె అందులోంచే సర్దుకోవాలి.

9/11 అనంతర జీఐ బిల్లులో కోత లేదు. ఫీజు నేరుగా కళాశాలకు చేరుతుంది, అద్దె భత్యం కళాశాల ఉన్న ప్రాంతాన్ని బట్టి నిర్ణయమవుతుంది, పుస్తకాలకు ఏటా 1,000 డాలర్ల వరకు ఇస్తారు. అద్దెలు మండిపోయే నగరాల్లో చదివేవారికి ఇదే మేలని నా గట్టి అభిప్రాయం. అయితే చదువంతా ఆన్‌లైన్‌లోనే సాగితే భత్యం బాగా తగ్గుతుంది; ఫీజు కూడా తక్కువైతే మాంట్‌గొమరీయే లాభించవచ్చు. ఒకసారి ఎంచుకున్నాక సాధారణంగా మార్చుకోనివ్వరు గనుక దరఖాస్తుకు ముందే రెండు లెక్కలూ వేసుకోవాలి.