మెత్తని జెల్ ప్లేట్లు: మూలకణ న్యూరాన్ల కోసం కొనొచ్చా?

మూలకణాల నుంచి తయారుచేసిన న్యూరాన్లను (నరాల కణాలను) ల్యాబ్‌లో పెంచే మామూలు పాలీస్టైరీన్ ప్లాస్టిక్ ప్లేటు గట్టిదనం గిగాపాస్కల్స్‌లో ఉంటుంది (ఒక గిగాపాస్కల్ అంటే పది లక్షల కిలోపాస్కల్స్). మెదడు కణజాలానిది ఒక కిలోపాస్కల్‌కు అటూ ఇటూ. ఆ దూరాన్ని తగ్గించడానికే ఈ రెడీమేడ్ పాలీయాక్రిలమైడ్ జెల్ ప్లేట్లు. 0.5, 1 కిలోపాస్కల్ రకాలతో పాటు 25 లాంటి గట్టి రకం కూడా తీసుకోండి. పోలిక లేకపోతే కణాల్లో మార్పుకు కారణం మెత్తదనమో, జెల్ మీద వేసే ప్రోటీన్ పూతో తేలదు.

అసలు చిక్కంతా పూతలోనే ఉంది. వట్టి జెల్‌కు ప్రోటీన్ అంటదు, కణాలూ అంటవు. పూత లేని రకం కొంటే సల్ఫో-శాన్పా (ప్రోటీన్‌ను జెల్‌కు అతికించే రసాయనం) 0.2 మి.గ్రా./మి.లీ. పోసి, 365 నానోమీటర్ల యూవీ కింద 10 నిమిషాలుంచి, బఫర్‌తో కడిగి, లామినిన్ (కణాలు అంటుకునే ప్రోటీన్) వేసి రాత్రంతా వదలాలి. సల్ఫో-శాన్పా నీళ్లలో త్వరగా పాడవుతుంది, కలిపిన వెంటనే వాడేయాలి. పూత పలచబడితే న్యూరాన్లు గుంపులు కట్టి, ఆక్సాన్లు (వాటి పొడవాటి తంతువులు) పెనవేసుకుని, చివరికి పొర మొత్తం చాపలా చుట్టుకుని లేచిపోతుంది. ఆ నేరం మెత్తదనం మీద వేయడం తొందరపాటు.

మీడియం (కణాలను పెంచే పోషక ద్రవం) మార్చేటప్పుడు వాక్యూమ్ వద్దు, పిప్పెట్‌తో అంచు నుంచి సగమే తీయండి. ఎండిన జెల్‌ను పారేయడమే. జెల్ మందం వల్ల దగ్గరి ఫోకస్ లెన్సులు కణాల దాకా అందవు, కాబట్టి దూరం నుంచి ఫోకస్ అయ్యే ఆబ్జెక్టివ్ ఉండాలి.

కొద్ది ప్రయోగాలకైతే ధర సమంజసమే. నెలనెలా వాడేవాళ్లు సొంతంగా పోసుకోవడం మేలు: 4% యాక్రిలమైడ్, 0.1% బిస్ (బిస్-యాక్రిలమైడ్, జెల్ గొలుసులను కలిపి ఉంచేది) కలిపితే దాదాపు 1 కిలోపాస్కల్ వస్తుంది. గడ్డకట్టని యాక్రిలమైడ్ నరాలకు విషం, గ్లవ్స్ తప్పనిసరి. కణాలు వేసేముందు జెల్‌ను పదేపదే కడగాలి.