జెమ్ పోర్టల్‌లో బీరువాలు అమ్మడం: అయిదుకి మూడున్నర

పాలకొల్లు దగ్గర మాది చిన్న స్టీల్ ఫర్నిచర్ షెడ్డు. బీరువాలు, ర్యాకులు, టేబుళ్లు చేస్తాం. జెమ్‌లో (గవర్నమెంట్ ఈ-మార్కెట్‌ప్లేస్, కేంద్రం నడిపే ఆన్‌లైన్ కొనుగోళ్ల పోర్టల్) గవర్నమెంట్ ఆఫీసులకి సరుకు అమ్మొచ్చా అని చాలామంది అడుగుతున్నారు, అందుకే రాస్తున్నా. అమ్మొచ్చు. ఈజీ డబ్బు మాత్రం కాదు.

ముందు మంచి చెప్తాను. ఇదివరకు ఆఫీసుకి పది బీరువాలు కావాలంటే మూడు కొటేషన్లు తెమ్మనేవాళ్లు, చాలాచోట్ల ఆ మూడూ ఒకే షాపువాడు మూడు లెటర్‌హెడ్ల మీద కొట్టి ఇచ్చేవాడు, చేపల చెరువు పాటకి ముందే ఎవరు ఎక్కడ ఆగాలో అరుగు మీద కూర్చుని తేల్చేసుకున్నట్టు. 2016లో వచ్చిన జెమ్‌లో బిడ్ తెరిచేదాకా ఇంకెవరు వేశారో తెలీదు, ఎక్కడో గుజరాత్ వాడు కూడా వేయొచ్చు. జెమ్‌లో దొరికే సరుకుని కేంద్ర శాఖలు జెమ్‌లోనే కొనాలని 2017 ఆర్థిక నియమాల్లో 149వ రూల్ ఉంది. చిన్న మొత్తమైతే నేరుగా కొనేస్తారు, పరిమితి దాటితే బిడ్ పెట్టాల్సిందే.

మా బోటివాళ్లకి అసలు లాభం ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకి కేంద్రం ఇచ్చే నమోదు). ఈఎండీ (బిడ్‌తో పాటు కట్టే డిపాజిట్) కట్టక్కర్లేదు. ఎల్‌వన్ (అందరికంటే తక్కువ ధర వేసినవాడు) పెద్ద కంపెనీ అయి మన ధర వాడి మీద 15 శాతం లోపల ఉంటే, వాడి ధరకి దిగి ఆర్డర్‌లో కొంత భాగం తీసుకోవచ్చు. ఇది తయారీదారుకే, కొని అమ్మేవాళ్లకి కాదు.

ఇక చిరాకు. పోర్టల్ ఎంత బాగున్నా పోటీ ఉండేదీ లేనిదీ స్పెసిఫికేషన్ రాసే టేబుల్ దగ్గరే తేలిపోతుంది. ఒక ఆఫీసు వాళ్లు ఒకే కంపెనీ క్యాటలాగ్ ముందు పెట్టుకుని రాసినట్టున్నారు, హ్యాండిల్ డిజైన్‌తో సహా. పైగా నాలుగు బీరువాలకి మూడేళ్ల టర్నోవర్ చూపించమన్నారు! సందేహం అడిగితే జవాబు లేదు. చివరికి బిడ్లు రెండే పడ్డాయి. పది మంది వేయగలిగేలా రాసి ఉంటే ధర దానంతటదే దిగేది కదా.

రివర్స్ ఆక్షన్‌లో అయితే బీపీ పెరుగుతుంది. గడియారం తిరుగుతుంటే వందా రెండొందలు తగ్గించుకుంటూ పోతారు, ఆ తగ్గించింది ఎక్కడో పూడ్చుకోవాలిగా, 20 గేజ్ రేకు 22 (అంటే ఇంకా పల్చన) అయిపోతుంది. సరుకు దించుకునేటప్పుడు ఆఫీసు వాళ్లు రేకు మందం కొలిస్తే ఈ ఆట సాగదు. కొలిచేవాళ్లు తక్కువ, దాంతో నిజాయితీగా మందం రేకు వేసేవాడే ఓడిపోతున్నాడు.

రేటు వేసేముందు డెలివరీ అడ్రస్ చూడండి, ధరలో రవాణా కలిసే ఉంటుంది. సఖినేటిపల్లి వైపు ఆర్డరైతే నరసాపురం రేవులో పంటు (బళ్లని గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కించాలి, వరదొచ్చి పంటు ఆగితే చించినాడ వంతెన మీదుగా తిరిగి వెళ్లాలి, డీజిల్, కూలీ అంతా మనదే.

సరుకు ఒప్పుకున్నట్టు ఆఫీసు ఇచ్చే సర్టిఫికెట్, సీఆర్ఏసీ, వచ్చిన పది రోజుల్లో డబ్బు పడాలి. కొందరు టంచనుగా వేస్తారు, కొందరు బడ్జెట్ రాలేదంటారు. అందుకే మొదట చిన్న ఆర్డర్లే పట్టండి, అప్పు తెచ్చి రేకు కొనొద్దు. ఉద్యమ్ సర్టిఫికెట్‌లో తయారీ అని ఉందో, ట్రేడింగ్ అని పడిందో ఈ రోజే చూసుకోండి.