ఘాత ప్రమేయం చెప్పడానికి ఏది మేలు: చదరంగం గింజలా, ప్రోనోటా?

ఘాత ప్రమేయం (ఎక్స్‌పొనెన్షియల్ ఫంక్షన్, అంటే సమాన వ్యవధుల్లో ఒకే గుణకంతో మారేది) మొదలుపెట్టాలంటే మన టీచర్లలో చాలామంది చదరంగం గింజల కథే ఎత్తుకుంటారు. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు... 64వ గడికి వచ్చేసరికి 2 ఘాతం 63. పిల్లలు నోరెళ్లబెడతారు. కాగితం మడత కూడా అలాంటిదే, ఏడు మడతలకే 128 పొరలు. ఆ ఆశ్చర్యం కావాలి. నేనూ పది నిమిషాలు దానికిస్తాను.

కానీ అక్కడే ఆగితే, ఘాతం అంటే రెట్టింపు అని పిల్లల మనసులో పడిపోతుంది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. మూడో గడికీ నాలుగో గడికీ మధ్య ఏమీ లేదు. కాగితాన్ని రెండున్నరసార్లు మడవలేం. గ్రాఫులో చుక్కలే మిగులుతాయి, వాటిని కలిపే వక్రం ఎందుకో చెప్పలేం.

అందుకే నా ఓటు ప్రోనోటుకి. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకి రెండు, ఏడాదికి ఇరవై నాలుగు అని ఊళ్లో పిల్లలకి ముందే తెలుసు. పదివేల అప్పు మూడేళ్లకు 17,200 అవుతుంది. నోటుకి కాలపరిమితి మూడేళ్లే కాబట్టి, అది దాటకముందే వడ్డీని అసలులో కలిపి తిరగరాస్తారు. ఆరేళ్లకు 29,584. తొమ్మిదేళ్లకు 50,884. బారువడ్డీ అయితే 31,600తో పోయేది. రెండు వరసలూ బోర్డు మీద పక్కపక్కన రాస్తే, ఒకదాంట్లో 7,200 కలుపుతున్నామని, రెండోదాంట్లో 1.72తో గుణిస్తున్నామని వాళ్లే పట్టుకుంటారు.

ఆ తర్వాత ఏటేటా కలిపే చక్రవడ్డీకి వస్తాను. ఏడాదికి గుణకం 1.24. మరి ఆరు నెలలకు? క్లాసంతా 1.12 అంటుంది. దాన్ని దానితోనే గుణించమంటాను. 1.2544 వస్తుంది, ఎక్కువైంది. "రెండుసార్లు గుణిస్తే 1.24 రావాలి కదా సార్" అని ఎవరో ఒకరు అంటారు. వర్గమూలం అక్కడ దానంతటదే దిగుతుంది, దాదాపు 1.1136. ఘాతాంకం అర అంటే ఏమిటో గింజల కథలో ఎప్పటికీ రాదు.

ఒక్క జాగ్రత్త. మీ ఇంట్లో అప్పెంత అని పిల్లల్ని అడగకండి. నేను ఒకసారి అడిగాను. వెనక బెంచీలో అమ్మాయి తల దించుకుంది, ఆ పీరియడ్ అంతా ఎత్తలేదు. అప్పటినుంచి లెక్కల్లో అప్పు ఎప్పుడూ నా పేరు మీదే.

తగ్గేవాటికి మాత్రం ఈ రెండూ పనికిరావు. లక్ష రూపాయల బైకు తీసుకోండి. విలువ ఏటా 20 శాతం తగ్గితే అయిదేళ్లకు ఎంతని అడిగితే, ముందు సున్నా అంటారు. ఏడాదికేడాది లెక్క వేయించండి: 80,000, 64,000, 51,200, 40,960, 32,768.