వైజాగ్‌లో ప్రైవేటు స్కూల్ అడ్మిషన్: ఫీజు కట్టేముందు ఇది చదవండి

మధురవాడ, పీఎం పాలెం వైపు స్కూళ్ళు చూస్తున్న తల్లిదండ్రులారా, ముఖ్యంగా పాడేరు, అరకు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్ళు, అడ్మిషన్ల కోసం తిరిగే స్కూల్ పీఆర్ఓ ఇంటికొచ్చి ఏసీ క్లాసుల గురించి చెప్పగానే డబ్బు చేతిలో పెట్టేయకండి.

మేం గిరిజనులం. పాపను ఆరో తరగతిలో చేర్చి టర్మ్ ఫీజు, పుస్తకాలు, బస్సు అన్నీ ముందే కట్టాం. నెల తిరక్కుండానే దాని పేరు పోయి "ఏజెన్సీ" మిగిలింది. పిల్లలు అన్నారంటే పోనీలే అనుకోవచ్చు, క్లాస్ టీచరే అలా పిలిచేవారు. క్లాసులో పేలు పడుతున్నాయని ఎవరో అంటే అందరి ముందూ మా పాప జడలొక్కటే విప్పించి చూశారు. ఏమీ లేవు. అయినా ఆ రోజు నుంచి దాని పక్కన ఎవరూ కూర్చోలేదు. "చోడి (రాగి) రొట్టె పెట్టకమ్మా, అన్నం పెట్టు" అంది. తర్వాత ఆ అన్నం కూడా డబ్బాలో అలాగే తిరిగొచ్చేది.

ఆదివారం సాయంత్రమైతే కడుపునొప్పి. స్కానింగ్‌లో ఏమీ లేదు. స్కూల్లో ఏమైనా ఇబ్బందా అని డాక్టరే అడిగారు. పిల్లల్లో టెన్షన్ చాలాసార్లు ఇలా కడుపునొప్పి, తలనొప్పి, నిద్ర పట్టకపోవడంగానే బయటపడుతుందట. దొంగ వేషాలని మాత్రం కొట్టిపారేయకండి.

ప్రిన్సిపాల్ మాట: "మీ అమ్మాయి కాస్త సెన్సిటివ్." టీసీ అడిగితే మిగిలిన టర్మ్ ఫీజు కట్టమన్నారు. పాప ఏడుపు కన్నా వాళ్ళకు ఆ బాకీయే ఎక్కువైంది. నాకు ఇప్పటికీ కడుపు రగులుతోంది.

చేర్చేముందు గేటు దగ్గర నిలబడి మనలాంటి పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా ఉంటే వాళ్ళతో మాట్లాడండి. కౌన్సెలర్ ఎవరో చూపించమనండి. సీబీఎస్ఈ స్కూలైతే బోర్డు అఫిలియేషన్ నిబంధనల ప్రకారం కౌన్సెలర్ ఉండాల్సిందే. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ప్రైవేటు స్కూళ్ళకూ అది వర్తిస్తుంది. ఫిర్యాదు నోటితో చెప్పి ఊరుకోవద్దు, రాసిచ్చి కాపీ మీద స్టాంపు వేయించుకోండి. అక్కడ తేలకపోతే డీఈఓ (జిల్లా విద్యాశాఖాధికారి) ఆఫీసుకు వెళ్ళండి. పిల్లల సాయానికి 1098, మనసు బాగోలేకపోతే టెలీ మానస్ 14416, రెండూ ఉచితమే, తెలుగులోనే మాట్లాడొచ్చు.

టీసీ ఆపుతారని భయపడి పిల్లను అక్కడే ఉంచకండి. ఎనిమిదో తరగతి వరకు టీసీ ఆలస్యమైందన్న కారణంతో ప్రభుత్వ బడిలో అడ్మిషన్ నిరాకరించకూడదు. అదే చట్టం 5వ సెక్షన్ చూపించి చేర్చండి.