పాత అనలాగ్ రిసీవర్‌ని ఇంకా ఎందుకు వాడుతున్నానంటే

చెన్నై పెరంబూరులో మా మేడ మీద శాటిలైట్ టీవీకి ఎనిమిదడుగుల మెష్ డిష్ ఉంది. దాని కింద రెండు పెట్టెలు పనిచేస్తున్నాయి. ఒకటి 1996లో నాన్న కొన్న అనలాగ్ రిసీవర్, రెండోది 2015లో నేను రిచీ స్ట్రీట్‌లో కొన్న ఎంపెగ్-4 (డిజిటల్) బాక్సు. ఇన్నేళ్లు కలిపి వాడాక చెబుతున్నాను: పాతదాన్ని పాత సామాన్లవాడికి వేయకండి.

బొమ్మ కోసం కాదు. అనలాగ్ ప్రసారాలు ఎప్పుడో ఆగిపోయాయి. దాని విలువంతా వెనకున్న పొజిషనర్‌లో ఉంది. అది డిష్‌ని ఒక ఉపగ్రహం నుంచి ఇంకోదానికి తిప్పే మోటారుకి, అంటే యాక్చుయేటర్‌కి, 36 వోల్టులు ఇస్తుంది, మోటారు లోపలి సెన్సర్ పంపే పల్సులు లెక్కపెట్టి సరైన చోట ఆపుతుంది. నా కొత్త బాక్సుకి డైసెక్ ఆదేశం (డిష్ వైరులోనే వెళ్లే సంకేతం) పంపడమే వచ్చు. ఆ ఆదేశంతో ఈ మోటారు తిరగాలంటే మధ్యలో ఇంకో పెట్టె కొనాలి.

మొదట్లో తప్పుగా కలిపాను. డిష్ మీద సిగ్నల్ పట్టి కిందికి పంపే ఎల్‌ఎన్‌బీ వైరు పాతదానికి ఇచ్చి, దాని లూప్ అవుట్ (సిగ్నల్‌ని ఇంకో పెట్టెకి అందించే సాకెట్) నుంచి కొత్తదానికి తీసుకున్నాను. సగం ఛానళ్లు రాలేదు. ఎల్‌ఎన్‌బీకి 13 వోల్టులు వెళ్తే వర్టికల్ (నిలువు తరంగాల) ఛానళ్లు, 18 వెళ్తే హారిజాంటల్ (అడ్డ తరంగాల) ఛానళ్లు వస్తాయి. ఆ వోల్టేజీ పాతదే ఇస్తోంది కాబట్టి కొత్తది ఏం అడిగినా పైకి చేరడం లేదు. రెండు వైపులా కరెంటు పోయే స్ప్లిటర్ పెట్టి చూశాను. అందులో ఎక్కువ వోల్టేజీదే గెలుస్తుంది. పాతది 18 మీద ఉన్నంతసేపూ కొత్తదానికి వర్టికల్ దొరకదు. రెండు ఆదివారాలు మేడకీ హాలుకీ మధ్య తిరిగాక తేలింది చాలా తేలిక: ఎల్‌ఎన్‌బీ వైరు నేరుగా కొత్తదానికి, మోటారు, సెన్సర్ వైర్లు మాత్రం పాతదానికి. కొత్తదాని సెట్టింగుల్లో లోకల్ ఆసిలేటర్ (ఎల్‌ఎన్‌బీ ఫ్రీక్వెన్సీ తగ్గించడానికి వాడే అంకె) 5150 మెగాహెర్ట్జ్, 22 కిలోహెర్ట్జ్ టోన్ (ఎల్‌ఎన్‌బీ వైరులో వెళ్లే స్విచ్ సంకేతం) ఆఫ్. అంతే.

నాకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది పాతదాని సిగ్నల్ మీటరు. 2016 డిసెంబరులో వర్దా తుపానుకి డిష్ పక్కకి తిరిగిపోయింది. కొత్త బాక్సు సిగ్నల్ పూర్తిగా లాక్ అయ్యేదాకా నాణ్యత సున్నా అనే చూపిస్తుంది. ఎటు తిప్పాలో ఎలా తెలుస్తుంది? అప్పుడు ఎల్‌ఎన్‌బీ వైరు తాత్కాలికంగా పాతదానికి బిగించాను. వస్తున్నది డిజిటల్ సిగ్నలే అయినా, ఉపగ్రహం దగ్గరపడేకొద్దీ దాని మీటరు మెల్లగా పైకి లేస్తుంది. నా పాత పెట్టె ఎల్‌ఎన్‌బీ నుంచి దిగే ఫ్రీక్వెన్సీనే చూపిస్తుంది కాబట్టి కావలసిన ఛానల్ ఫ్రీక్వెన్సీని 5150లోంచి తీసేయాలి. 3925 మెగాహెర్ట్జ్ కావాలంటే 1225 దగ్గర పెట్టాలి. చెన్నై నుంచి 83 డిగ్రీల (తూర్పు రేఖాంశం మీది) ఉపగ్రహం దాదాపు నడినెత్తిన, 74 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. 93.5 డిగ్రీలది అంతకన్నా కాస్త తూర్పుకి వాలి ఉంటుంది. ఆ ఒక్క సాయంత్రంలో రెండూ దొరికాయి. ఆ రాత్రి నాన్న సప్తగిరి చూస్తూ అన్నం తిన్నారు.

ఒక జాగ్రత్త. వైరు మార్చేముందు రెండు పెట్టెల ప్లగ్గులూ తీసేయండి. ఒకసారి తొందరలో తీయలేదు. ఎఫ్ కనెక్టర్‌లోంచి (వైరు చివరి బిగింపు) జడ తీగ పోగు, అంటే చుట్టూ అల్లిన సన్నతీగ, ఒకటి మధ్య తీగకి తగిలి, కొత్త బాక్సు ఎల్‌ఎన్‌బీకి కరెంటిచ్చే భాగం కాలిపోయింది. రిపేరుకి వారం పట్టింది.

పాతదానికి జబ్బులు లేవని కాదు. పొజిషన్లు గుర్తుంచుకునే చిన్న బ్యాటరీ కారి బోర్డు పచ్చగా పట్టింది. తీసి శుభ్రం చేసి కొత్తది వేయించాను. పవర్ సప్లైలో రెండు కెపాసిటర్లు ఉబ్బితే మార్పించాను. సముద్రపు గాలికి యాక్చుయేటర్ తుప్పు పడుతుంది, ఏటా వానల ముందు గ్రీజు పెట్టాల్సిందే. లేకపోతే పల్సుల లెక్క తప్పి డిష్ ఒకటి రెండు డిగ్రీల అవతల ఆగుతుంది. అలాంటప్పుడు తెలిసిన ఛానల్‌కి చేత్తో సరిచేసి, మళ్లీ సేవ్ చేసుకుంటాను.

5జీ టవర్లు వచ్చాక 3700 మెగాహెర్ట్జ్ దగ్గరి ఛానళ్లు విరిగిపోవడం మొదలైంది. ఇక్కడ 5జీకి 3300 నుంచి 3670 మెగాహెర్ట్జ్ దాకా ఇచ్చారు, ఈ పెద్ద డిష్ పట్టే సీ బ్యాండ్ తరంగాలకి అది పక్కిల్లే. ఫిల్టరున్న ఎల్‌ఎన్‌బీ వేశాక చాలావరకు కుదురుకుంది.

ఒక్క ఉపగ్రహమే చూసేవాళ్లకి, డిష్ కదలనివాళ్లకి ఈ శ్రమ అక్కర్లేదు. మోటారు డిష్ ఉన్నవాళ్లు మాత్రం ముందుగా పాతదాని మూత తీసి ఆ బ్యాటరీ కారిందేమో చూసుకోండి.