కోయాసాన్ గుడి బసా, షిరకవాగో పల్లె బసా?

జపాన్ పల్లెపట్టున ఒక్క రాత్రికే వీలుంటే తిండిని బట్టి తేల్చుకోండి. శాకాహారులకు నిస్సందేహంగా కోయాసాన్. 816లో కూకాయ్ నెలకొల్పిన ఈ బౌద్ధ క్షేత్రంలో గుళ్లే బస ఇస్తాయి. షోజిన్ రియోరి అనే బౌద్ధ శాకాహార భోజనంలో మాంసం, చేపలే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. గోమాదోఫు తప్పక తినండి. పేరులో తోఫు ఉన్నా అందులో సోయా ఉండదు. నువ్వుల ముద్దను కుజు అనే తీగ వేరు పిండితో అడుగంటకుండా కలియబెడుతూ ఉడికించి, చల్లార్చి ముక్కలు కోస్తారు. జున్నులా జారుతుంది.

ఒసాకా నంబా నుంచి నంకాయ్ రైలెక్కి, గోకురకుబాషిలో కేబుల్ కారు, పైన బస్సు పట్టుకోవాలి. రాత్రి భోజనం ఆరింటికల్లా పెట్టేస్తారు, ఆలస్యమైతే పస్తే. తెల్లవారుజాము పూజ మాత్రం వదులుకోవద్దు.

ఇళ్ల అందం కావాలంటే షిరకవాగో. తకయామా నుంచి బస్సులో 50 నిమిషాలు. నిటారు గడ్డికప్పుల కింద పడుకోవచ్చు, కానీ గదుల మధ్య జరిపే తలుపులే అడ్డు, స్నానాలగది ఉమ్మడి. ఇక్కడి హోబా మిసో అద్భుతం: ఎండుటాకు మీద మిసో (పులియబెట్టిన సోయా ముద్ద), ఉల్లికాడలు, పుట్టగొడుగులు వేసి నిప్పులపై కాలుస్తారు. ఆకు ముందే నానకపోతే అంటుకుంటుంది. సూపుల్లో ఎండుచేప రసం ఉంటుంది కాబట్టి "మాంసం వద్దు" అంటే చాలదు. చేప రసం కూడా వద్దని బుకింగ్‌లోనే చెప్పండి.