పంపడం సులువే, ఆనవాలు దొరకడమే కష్టం: ఒక బ్యాంకు యాప్‌పై సమీక్ష

గుంటూరు మిర్చి యార్డులో రైతుల సరుకు అమ్మిపెట్టే కమీషన్ షాపు నడుపుకునేవారికి బ్యాంకు యాప్ ఎప్పుడో అవసరపడితే తెరిచే వస్తువు కాదు. సీజను మొదలైన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా, కాటా అయి పట్టీ (అమ్మకపు లెక్క చీటీ) రాసిన ప్రతి రైతు ఖాతాకూ డబ్బు వెళ్లాలి, సరుకు కొన్నవారి నుంచి మాకు రావలసింది వచ్చిందో లేదో చూసుకోవాలి, ఈలోపు హమాలీల కూలి, లారీ కిరాయి లాంటివి తెగుతూనే ఉండాలి. మా ఖాతా ఉన్న బ్యాంకు ఈ మధ్య తన యాప్‌ను మొత్తం కొత్త రూపంలోకి మార్చింది. పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఇందులో ఉన్న లోపాలు ఆ ఒక్క బ్యాంకువే కావు. ఒక సీజనంతా వాడిన మీదట, ఏది ఎక్కడ ఉండాలని వాడేవాడు అనుకుంటాడో, ఈ యాప్ దాన్ని ఎక్కడ పెట్టిందో చెప్పడమే ఈ సమీక్ష ఉద్దేశం.

ముందు మెచ్చుకోవలసినవి చెప్పాలి. డబ్బు పంపే పని ఇంతకుముందుకన్నా చాలా తేలికైంది. వేలిముద్రతో తెరవగానే ‘పంపండి’ అన్న మీట బొటనవేలికి అందేచోట, తెర అడుగునే ఉంది. ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ కొట్టగానే ఆ ఖాతాదారు పేరు తెరమీద కనిపిస్తుంది. ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు డబ్బు పంపే పద్ధతులైన ఆర్‌టీజీఎస్, నెఫ్ట్ చెల్లింపులకు ఈ సదుపాయాన్ని 2025 ఏప్రిల్ 1లోగా తేవాలని రిజర్వు బ్యాంకు అన్ని బ్యాంకులకూ చెప్పింది గనుక ఇది ఈ యాప్ గొప్పేమీ కాదు, కానీ దాన్ని పెట్టవలసిన చోట పెట్టారు. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్న రైతులతో వ్యవహరించేవారికి దాని విలువ తెలుస్తుంది. రెండు లక్షలు, ఆపైన అయితే ఆర్‌టీజీఎస్, అంతకు తక్కువైతే నెఫ్ట్ లేదా ఐఎంపీఎస్ అని యాప్ తనే సూచిస్తుంది.

చిక్కంతా పంపిన తర్వాతే మొదలవుతుంది. వినుకొండ అవతలి నుంచి ఒక రైతు ఫోన్ చేసి, “బాబూ, డబ్బులింకా పడలేదు, బ్యాంకువాళ్లు ఏదో నంబరు చెప్పమంటున్నారు” అంటాడు. ఆయనకు కావలసింది యూటీఆర్ నంబరు, అంటే ప్రతి చెల్లింపుకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య. నెఫ్ట్ అరగంటకొక విడతగా నడుస్తుంది గనుక కాస్త ఆలస్యం సహజమే, కానీ అవతలి బ్యాంకులో కౌంటరు ముందు నిలబడ్డ మనిషికి ఆ వివరణ పనికిరాదు, నంబరే కావాలి. పాత యాప్‌లో పంపిన చెల్లింపుల జాబితా తెరిస్తే ప్రతి చెల్లింపు కిందా అది కనిపించేది. కొత్త యాప్‌లో ‘పంపండి’ విభాగంలో పాత చెల్లింపుల ఊసే లేదు. ‘ఖాతాలు’ అన్న చోటికి వెళ్లి, మన ఖాతా మీద నొక్కి, చివరి కొన్ని లావాదేవీలు దాటి ‘అన్నీ చూడండి’ తెరిచి, తేదీలు ఎంచుకుని, ఆ వరుస మీద నొక్కితే అడుగు నుంచి ఒక సగం తెర పైకి వస్తుంది. అందులో యూటీఆర్ ఉంటుంది గానీ, మధ్యలో తెగి చివర మూడు చుక్కలతో ఉంటుంది. వేలు నొక్కిపట్టినా కాపీ కాదు. ఫోన్ అడ్డంగా తిప్పితే పూర్తి నంబరు కనిపిస్తుంది, కానీ ఆ సంగతి యాప్‌లో ఎక్కడా చెప్పలేదు. నెఫ్ట్ యూటీఆర్‌కు 16 అక్షరాలు, ఆర్‌టీజీఎస్‌కు 22. అవతల కాటా కేకలు వినబడుతుండగా ఆ ఇరవై రెండింటిలో ఏది సున్నానో ఏది ఇంగ్లీషు ఓ అక్షరమో పోల్చుకుంటూ ఫోన్లో చదివి వినిపించడం ఎంత ప్రయాసో ఆ బ్యాంకు డిజైనర్లు ఒక్కరోజు యార్డుకు వచ్చి చూస్తే బాగుండును.

వాడేవాడు ఏదైనా ఎక్కడ ఉంటుందని ఊహిస్తాడన్నది గాలిలోంచి పుట్టే విషయం కాదు. జనం తమ సమయంలో ఎక్కువ భాగం ఇతర వెబ్‌సైట్ల మీదే గడుపుతారని, అందుకే మన సైటు కూడా వాటిలాగే పనిచేయాలని కోరుకుంటారని వెబ్ వాడకాన్ని దశాబ్దాలుగా పరిశీలించిన జాకబ్ నీల్సన్ అన్నారు. యాప్‌లకూ అది అక్షరాలా వర్తిస్తుంది. ఫోన్‌పే, గూగుల్ పే లాంటివి వాడిన చెయ్యి, పంపిన చోటికి దగ్గర్లోనే పంపినవాటి చరిత్ర ఉంటుందని అలవాటు పడింది. దానికి తోడు ఇదే యాప్ పాత రూపం కొన్నేళ్లపాటు నేర్పిన అలవాటు ఒకటి ఉంది. మార్చదలిస్తే మార్చవచ్చు, కానీ యార్డులో షాపు నంబర్లన్నీ రాత్రికి రాత్రి మార్చేసి, బోర్డు కూడా పెట్టకుండా పొద్దున్నే బేరాలకు రమ్మంటే ఎలా ఉంటుందో ఈ మార్పు అలా ఉంది. మొదటిసారి తెరిచినప్పుడు చూపించిన పరిచయపు బొమ్మలు కొత్త రంగుల గురించి చెప్పాయే తప్ప, పాతది ఎక్కడికి పోయిందో చెప్పలేదు.

తెర అడుగునున్న పట్టీలో ఐదు గుర్తులున్నాయి. ఆండ్రాయిడ్ యాప్‌ల కోసం గూగుల్ ఇచ్చిన సూచనల్లో కూడా ఇలాంటి పట్టీకి మూడు నుంచి ఐదు అనే ఉంది గనుక సంఖ్యతో పేచీ లేదు. ఆ ఐదింటిలో ఒకటి రుణాలకు, ఇంకొకటి ఆఫర్లకు పోయింది. నేను రోజూ వెతికే స్టేట్‌మెంట్, చెక్కు ఆపుదల, పరిమితుల మార్పు మూలనున్న మూడు గీతల గుర్తు వెనక దాక్కున్నాయి. ఆ గుర్తును నార్మ్ కాక్స్ అనే డిజైనర్ జెరాక్స్ స్టార్ కంప్యూటర్ కోసం గీశారు, ఆ యంత్రం 1981లో మార్కెట్లోకి వచ్చింది. అప్పటి తెర మీద చోటు తక్కువ కాబట్టి దాని అవసరం అర్థమవుతుంది. ఇక్కడ మాత్రం చోటు లేక కాదు, ఉన్న చోటును తాము అమ్మదలచుకున్నవాటికి ఇచ్చి, మేము వాడేవాటిని లోపలికి తోశారు. ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయడానికి మొదటి తెర మీదే పెద్ద బొమ్మ ఉండడం, అదే డిపాజిట్‌ను గడువుకు ముందు తీసుకునే దారి ‘సేవా అభ్యర్థనలు’ అనే జాబితా చివర ఉండడం కాకతాళీయమని నేననుకోను.

దొరకనిదాన్ని వెతుక్కోవడానికి పైన వెతుకు పెట్టె ఒకటి పెట్టారు. అది మెనూలోని పేర్లను మాత్రమే గుర్తుపడుతుంది. యూటీఆర్ అని కొడితే యూటీఆర్ అంటే ఏమిటో వివరించే ప్రశ్నోత్తరాల పేజీకి తీసుకుపోతుంది. రైతు పేరు కొడితే ఆయనకు చేసిన చెల్లింపులు రావాలని ఎవరైనా ఆశిస్తారు, ఇక్కడ ఏమీ రాదు.

వీటన్నిటికన్నా తీవ్రమైనది కార్డు ఆపే మీట సంగతి. ఆన్‌లైన్, విదేశీ వాడకాలను కార్డుదారు స్వయంగా ఆపుకునే, తెరుచుకునే వీలు ఇవ్వాలన్న రిజర్వు బ్యాంకు నిబంధన 2020 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది, ఆ మీటలు ఈ యాప్‌లోనూ ఉన్నాయి. కానీ కార్డు పోయినవాడు లాగిన్ అయి, మూడు గీతలు నొక్కి, కార్డులు, నిర్వహణ, భద్రత అన్న మూడు తెరలు దాటితే తప్ప వాటిని చేరలేడు. తన తప్పుగానీ బ్యాంకు తప్పుగానీ లేని మోసాన్ని మూడు పనిదినాల్లోపు చెబితే ఖాతాదారు మీద భారం ఉండదని, ఆలస్యమైతే భారం పెరుగుతుందని 2017 జులై 6 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్ చెప్పింది. అలాంటి ఫిర్యాదుకు వెబ్‌సైటు మొదటి పేజీలోనే నేరుగా లింకు ఉండాలని అదే సర్క్యులర్ అంది. వెబ్‌సైటుకు వర్తించే ఇంగితం యాప్‌కు వర్తించకపోవడానికి కారణం కనిపించదు. లాగిన్ తెర మీద ఆఫర్ల బొమ్మకు చోటున్నప్పుడు కార్డు ఆపే మీటకు ఎందుకు ఉండదు?

చిన్న ఇబ్బందులు మరికొన్ని ఉన్నాయి. అంచు నుంచి వేలితో వెనక్కి జరిపితే అంతకుముందు చూసిన తెరకు పోవడానికి బదులు, లాగౌట్ అవుతారా అని అడుగుతుంది. ఫోన్లో అక్షరాల సైజు పెంచితే మీటల మీది పేర్లు సగానికి తెగుతాయి, అందువల్ల మా నాన్నగారు ఈ యాప్ వాడడం మానేసి నిల్వ ఎంతో నన్నే అడుగుతున్నారు. బ్రాంచిలో చెబితే పైకి రాశామన్నారు. ఆ తర్వాత వచ్చిన అప్‌డేట్‌లో యూటీఆర్ పక్కన మార్పేమీ లేదు, ఆఫర్ల బొమ్మ మాత్రం కదలడం నేర్చింది.

ఐదుకు రెండున్నర ఇస్తాను, అదీ పంపే తెర బాగున్నందుకే. యూపీఐ చెల్లింపులకు, అప్పుడప్పుడు నిల్వ చూసుకోవడానికి మాత్రమే వాడేవారికి ఇది చాలు. వ్యాపార ఖాతా ఉన్నవారు మాత్రం చెల్లింపు పూర్తయిన తెర మీద యూటీఆర్ పూర్తిగా కనిపించే ఆ ఒక్క క్షణంలోనే ‘షేర్’ నొక్కి రైతు వాట్సాప్‌కు పంపేయండి. రేటింగ్ అడిగే చిన్న తెర దాని మీదికి వస్తుంది, దాన్ని మూసేటప్పుడు వెనక్కి జరపకుండా పక్కనున్న గుణకారపు గుర్తునే నొక్కాలి, లేకపోతే దానితోపాటు యూటీఆర్ ఉన్న తెర కూడా పోతుంది. స్టేట్‌మెంట్లకు, చెక్కు ఆపుదలకు ప్రస్తుతానికి కంప్యూటర్లో నెట్ బ్యాంకింగే మేలు.